రాధామనోహరం మీద రెండు షిఫ్టులు: చిమ్మట, తుమ్మెద – ప్రాజెక్టు డైరీ

రాజమహేంద్రవరంలో మా డాబా మీదికి పాకిన రాధామనోహరం తీగ ఇది. రేక రకం, ముద్ద రకం కాదు. ముద్ద పూలలో రేకులు గుత్తుగా అడ్డుపడతాయి కాబట్టి ఈ పనికి పనికిరావు. పువ్వు సందెవేళ తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆపైన ఎర్రబడి వాలిపోతుంది. రాత్రి దానిమీద పెద్ద చిమ్మట వాలకుండానే గాల్లో నిలబడి తాగుతుంది. పగలు నల్ల తుమ్మెద వచ్చి పట్టుకుని వేలాడుతూ తాగుతుంది.

పువ్వు ఒకటే, మకరందం ఒకటే, తాగేవాళ్లు ఇద్దరు. ఎవరికి ఎంత దక్కుతోంది, ఏ దారిన దక్కుతోంది అన్నది కొలవాలి. ఇంకెవరైనా చేయాలనుకుంటే నేరుగా పనికొచ్చేలా, పనిచేయని పద్ధతులతో సహా రాస్తున్నాను.

దశ 1: పువ్వు లోతు

1. ఉదయం ఆరు గంటలకి, అదే సందెకి విచ్చుకోబోయే మొగ్గల కాడలకి రంగు దారం కట్టాలి. రోజుకో రంగు.
2. విచ్చుకున్నాక, గొట్టం మొదలు నుంచి నోటి దాకా వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి.
3. కొలత పుస్తకంలో రాసేటప్పుడు దారం రంగు కూడా రాయాలి.

దారం ఎందుకంటే, పూరేకుల రంగు చూసి వయసు చెప్పలేం. ఎండ పడే వైపు గుత్తి తొందరగా ఎర్రబడుతోంది, నీడలోది మర్నాడు మధ్యాహ్నానికి కూడా లేత గులాబీలోనే ఉంటోంది. దారం మాత్రం అబద్ధం చెప్పదు.

గొట్టం పొడవు 52 నుంచి 71 మి.మీ. దాకా ఉంది, ఎక్కువ పూలు 60 దగ్గర. మకరందం అడుగున చేరుతుంది. మన పుట్ట తేనెటీగ నాలుక 5 మి.మీ. దాకా ఉంటుంది. తుమ్మెదది అంతకంటే పొడవే అయినా 60 మి.మీ. లోతుకి ఏ లెక్కనా చాలదు. అయినా తుమ్మెద పొద్దస్తమానం ఇక్కడే ఉంటోందంటే నోటి వైపు నుంచి కాక వేరే దారిన తాగుతోందని అర్థం.

ఖర్చు: వెర్నియర్ 350, దారాలు 40. మొత్తం 390 రూపాయలు.

దశ 2: మకరందం బయటికి తీయడం

ఎక్కువ పూలు వృథా అయింది ఇక్కడే.

రక్తపరీక్షలకి వాడే సన్నని గాజు క్యాపిలరీ గొట్టాలు సర్జికల్ షాపులో దొరుకుతాయి. పొడవు 75 మి.మీ., నిండితే సుమారు 75 మైక్రోలీటర్లు. అంటే గొట్టంలో 1 మి.మీ. ఎత్తు దాదాపు 1 మైక్రోలీటరు. లెక్క సులువు. పువ్వు నోట్లోంచి గొట్టం దించి మకరందం పీల్చవచ్చని పథకం.

అది దిగదు. రాధామనోహరం గొట్టం లోపల చాలా ఇరుకు, పైగా కీలం (అండాశయం నుంచి పైకి లేచే సన్నని కాడ) గొట్టం గోడకి అంటుకుని ఉంటుంది. గాజు సగం దాకా వెళ్లి ఆగిపోతుంది, గట్టిగా తోస్తే గోడ చిరిగి పసరు కలుస్తుంది. పసరు కలిసిన మకరందం ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఆ కొలత తీసేయాల్సిందే. దూది పురి, టిష్యూ కాగితం పురి కూడా చూశాను. అవి గోడ తడిని కూడా పీల్చుకుంటాయి, ఎంత తీశామో తెలియదు.

చివరికి కుదిరిన పద్ధతి:

1. పువ్వుని కాడతో సహా తెంచి నిటారుగా పట్టుకోవాలి.
2. కొత్త బ్లేడుతో అండాశయానికి సరిగ్గా పైన అడ్డంగా కోయాలి.
3. కోసిన చోట బొట్టు ఊరుతుంది. క్యాపిలరీ కొన దానికి ఆనించాలి.
4. పై నుంచి కిందికి రెండు వేళ్లతో ఒక్కసారి మాత్రమే నిమరాలి. రెండోసారి నిమిరితే పసరు వస్తుంది.
5. గాజులో ఎత్తు మి.మీ.లలో రాసుకోవాలి.

దీని ఇబ్బంది ఏమిటంటే ఒక పువ్వుకి ఒక్క కొలతే. ముందు, తరువాత అని అదే పువ్వుని రెండుసార్లు కొలవలేం. అందుకే తరువాతి దశలో గుంపులు చేయాల్సి వచ్చింది.

తీపి కొలవడానికి మొదట రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరు (నీటిలో ఎంత కరిగి ఉందో చూపించే సాధనం) అడిగి తెచ్చాను. మా జిల్లాల్లో అది ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. కానీ దానిమీద స్కేలు ఉప్పుకి సంబంధించినది, చక్కెరకి పనికిరాదు. చెరకు రసానికి వాడే బ్రిక్స్ స్కేలు ఉన్నది కొనాలి. ఒక్క పువ్వు మకరందంతో అద్దం నిండదు, గీత మసకగా వస్తుంది. తరువాత దశ 3లో సంచి కట్టిన పూలన్నిటిదీ ఒకచోట పోగుచేసి చూస్తే గీత స్పష్టంగా 21 దగ్గర నిలిచింది. అంటే నూరు పాళ్లలో 21 పాళ్లు చక్కెర.

ఈ అంకెకి అర్థం ఉంది. చిమ్మటది గొట్టం లాంటి తొండం, తలలోని పంపుతో పీలుస్తుంది. చక్కెర పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడి, పొడవాటి సన్న గొట్టంలో కదలడం బాగా కష్టమవుతుంది. పీల్చి తాగే కీటకాలకి 30–40 శాతం మధ్య చక్కెర లాభసాటి అనీ, నాలుక ముంచి నాకే తేనెటీగల్లాంటి వాటికి 50–60 శాతం మధ్య అనీ లెక్కలు చెబుతాయి. 21 ఈ రెంటికంటే పలచన, కానీ పీల్చేవాళ్ల వైపుకే దగ్గర.

తుమ్మెద దీనికి తన ఉపాయం తాను చేసుకుంటోంది. పక్కనున్న జామ ఆకు చాటున కూర్చుని, తాగిన మకరందాన్ని చుక్కగా నాలుక మీదికి తెస్తుంది, మళ్లీ లోపలికి లాక్కుంటుంది, మళ్లీ తెస్తుంది. ఎండలో ఆ చుక్క తళతళా మెరుస్తూ పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. నీరు ఆవిరైతే మిగిలేది చిక్కని తీపి, గూటికి మోసే బరువూ తగ్గుతుంది. భూతద్దంతో జానెడు దూరం దాకా వెళ్లినా కదల్లేదు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఇదే.

ఖర్చు: క్యాపిలరీలు 180, బ్లేడ్లు 20, బ్రిక్స్ మీటరు 1,150. ఇప్పటిదాకా 1,740 రూపాయలు. పనికొచ్చిన పూల కొలతలు: సున్నా.

దశ 3: సంచులు

నాలుగు గుంపులు. అన్నీ మొగ్గగా ఉన్నప్పుడే దారం కట్టినవి, అన్నీ మర్నాడు మధ్యాహ్నం 12కి కోసినవి.

- అ: ఎప్పుడూ సంచిలోనే.
- ఆ: రాత్రి మాత్రమే తెరిచినవి. తెల్లవారుతుండగా సంచి కట్టాలి.
- ఇ: పగలు మాత్రమే తెరిచినవి.
- ఈ: అసలు సంచి కట్టనివి.

సంచులంటే పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇచ్చే ఆర్గాంజా పౌచ్‌లే. గాలి ఆడుతుంది, లాగితే బిగిసే తాడు వాటికే ఉంటుంది.

మొదటి ఇబ్బంది వాన. తడిసిన ఆర్గాంజా రేకులకి అతుక్కుపోయింది, నీరు గొట్టంలోకి దిగింది. ఆ రాత్రి కొలతలు మామూలుకి రెండింతలు వచ్చాయి, బ్రిక్స్ మీటరులో గీత 10 కిందికి పడింది. వాన పడిన రాత్రి కొలతలన్నీ కొట్టేశాను. తరువాత ప్రతి సంచిలో బైండింగ్ వైరుతో చేసిన చిన్న చుట్టు పెట్టాను, గుడ్డ పూలకి దూరంగా నిలబడింది.

రెండోది చీమలు. సంచి తాడు ఎంత బిగించినా కాడ పక్కనుంచి దూరాయి. కాడ చుట్టూ అంగుళం మేర పెట్రోలియం జెల్లీ పూస్తే ఆగాయి. ఎండకి కరిగిపోతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం మళ్లీ పూయాలి.

మూడోది పక్కింటి బామ్మగారి పూజ. పొద్దున్నే గోడ మీదుగా చెయ్యి పెట్టి అందిన గుత్తులు కోసుకుంటారు. "ఏమ్మా, పూలకి సంచులు కట్టావేంటి, దిష్టి తగులుతుందనా?" అన్నారు. సంగతి చెబితే, "అయితే దారం కట్టినవి నీవి, కట్టనివి నావి" అని ఆవిడే ఒప్పందం చేశారు. ఆ తరువాత ఒక్క దారం కట్టిన పువ్వు కూడా పోలేదు. పైగా పొద్దున నేను కిందికి వెళ్లినప్పుడు తుమ్మెద ఎన్నిసార్లు వచ్చిందో ఆవిడే చెప్పేవారు.

ఖర్చు: పౌచ్‌లు 250, వైరు 30, జెల్లీ 40. ఇప్పటిదాకా 2,060 రూపాయలు. పనికొచ్చిన కొలతలు: 44.

దశ 4: రాత్రి షిఫ్టు

తెల్ల టార్చి వేస్తే చిమ్మట పువ్వు వదిలేసి దీపం చుట్టూ తిరిగింది. టార్చికి ఎర్ర సెలోఫేన్ రెండు పొరలు చుడితే నయం, తాగడం మానలేదు. కానీ ఆ వెలుగులో ఫోను స్లో మోషన్ వీడియో మొత్తం నలుపే. అందుకని పనిని రెండుగా విడదీశాను.

రాకపోకల లెక్కకి: గేటు దగ్గరి సీసీ కెమెరాని డాబా మీదికి మార్చాను. దాని నైట్ విజన్ వెలుగు చిమ్మటని బెదరగొట్టలేదు. రెక్కలు మసకగానే ఉంటాయి కానీ ఏ గుత్తికి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది అన్నది తెలుస్తుంది.

రెక్కల వేగానికి: సూర్యుడు దిగాక ఆకాశంలో ఇంకా వెలుగు మిగిలి ఉండే కొద్ది నిమిషాలు. చిమ్మట అప్పుడు వస్తే ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల వేగంతో తీయాలి. ఒక రెక్క ఊపుకి 7–8 ఫ్రేములు పట్టాయి. అంటే సెకనుకి 30 నుంచి 34 ఊపులు.

వచ్చినది అగ్రియస్ కన్వాల్వులై అనే హాక్‌మాత్ (గాల్లో నిలబడి తాగే పెద్ద చిమ్మటల కుటుంబం). బూడిద రంగు రెక్కలు, పొట్టకి రెండు పక్కలా గులాబీ, నలుపు పట్టీలు. వీడియో ఆపి చూస్తే పట్టీలు కనిపిస్తాయి కాబట్టి అనుమానం లేదు. దీని గొంగళి పురుగు చిలగడదుంప ఆకులు తింటుంది, తోక దగ్గర కొమ్ము ఉంటుంది.

ఎగిరే చిమ్మటని పట్టి తొండం కొలవడం నాకిష్టం లేదు, రెక్కల పొలుసు రాలిపోతుంది. అందుకని పెంచాను:

1. చిలగడదుంప మడిలో దొరికిన పెద్ద పురుగుని ఆకులతో సహా బకెట్‌లో పెట్టి, పైన పలచని గుడ్డ కట్టాలి.
2. అడుగున జానెడు తడి ఇసుకమట్టి. పొడిమట్టి వేస్తే పురుగు లోపల చేసుకునే గుల్ల నిలవదు, కూలిపోతుంది.
3. ఆకులు రోజూ మార్చాలి. పురుగు తిండి మానేసి గిరగిరా తిరగడం మొదలుపెడితే మట్టిలోకి దిగబోతున్నట్టు. అప్పుడు ముట్టుకోకూడదు.
4. బయటికొచ్చిన చిమ్మట ఎక్కడానికి గరుకు పుల్ల ఒకటి పెట్టాలి. వేలాడడానికి చోటు లేకపోతే రెక్కలు ముడతపడి ఆరిపోతాయి.

ప్యూపాని (పురుగు చిమ్మటగా మారే దశ) ఒక్కసారి చూడాల్సిందే. తొండం దాచే తొడుగు శరీరానికి విడిగా, కూజా పిడిలా వంగి, చివర చుట్టుకుని ఉంటుంది. రాబోయే తొండం ఎంత పొడవో అక్కడే తెలిసిపోతుంది. బయటికొచ్చిన మర్నాటి సాయంత్రం, చక్కెరనీళ్ల చుక్క దగ్గర పెట్టి సూదితో మెల్లగా విప్పితే తొండం 94 మి.మీ. వచ్చింది. మా పూలలో అతి పొడవైనది 71. అంటే ఏ పువ్వు అడుగైనా దీనికి అందుతుంది. కొలిచాక డాబా మీదే వదిలేశాను.

పువ్వు దగ్గర ఆగేది ఒకటి నుంచి మూడు సెకన్లు. తొండం దింపేటప్పుడు తల పువ్వు నోటికి ఆనుతుంది, పుప్పొడి ముఖానికి, తొండం మొదలుకి అంటుకుంటుంది. గాలికి గుత్తి ఊగితే చిమ్మట కూడా అంతే ఊగుతుంది, తొండం బయటికి రాదు. మీసాలు మాత్రం ముందుకి చాచి కదలకుండా ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు తిరగడాన్ని చిమ్మట మీసాల మొదట్లోని గ్రాహకాలతో పసిగడుతుందని 2007లో సంజయ్ సానే, ఆయన సహచరులు ఇంకో హాక్‌మాత్ మీద చూపించారు. ఆయన బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) శాస్త్రవేత్త.

ఖర్చు: సెలోఫేన్ 20, గుడ్డ 60. ఇప్పటిదాకా 2,140 రూపాయలు.

దశ 5: పగటి షిఫ్టు

తుమ్మెద పువ్వు నోటివైపు చూడనే చూడదు. నేరుగా గొట్టం మొదలు దగ్గర కాళ్లతో పట్టుకుని, నోటి దగ్గరి గట్టి భాగాలతో గోడని నిలువుగా చీల్చి, ఆ చీలికలోంచి నాలుక పెడుతుంది. పువ్వుకి నాలుగైదు సెకన్లు. పుప్పొడి అంటనే అంటదు. చీలిక 3–4 మి.మీ. పొడవు, మొదట కనిపించదు, గంట తరువాత అంచులు గోధుమరంగుకి తిరిగితే తెలుస్తుంది. తరువాత అదే చీలికలోంచి పుట్ట తేనెటీగలూ తాగాయి. తేనెటీగలు చీలికలు చేయలేదు, ఉన్నవి వాడుకున్నాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. తేనెపిట్ట కూడా గొట్టం మొదట్లోనే పొడుస్తోంది. ఏ చీలిక ఎవరిదో చెప్పలేకపోతే లెక్క మొత్తం పోతుంది. చీలికల ఆకారం చూసి విడదీద్దామంటే పాతబడ్డాక రెండూ ఒకేలా ఉంటున్నాయి. అందుకని పగటి పూలకి అంగుళం కన్నుల నైలాన్ వల కట్టాను. పిట్ట దూరలేదు. తుమ్మెద మొదట వల చుట్టూ గింగిరాలు కొట్టింది, తరువాత వల మీద వాలి, కన్నులోంచి నడుచుకుంటూ లోపలికెళ్లింది. వల కట్టక ముందు తీసిన ఇ, ఈ గుంపుల కొలతలు పక్కనపెట్టి మళ్లీ తీశాను. చిమ్మటకి అడ్డం రాకుండా సాయంత్రం వల తీసేయాలి.

రెక్కల వేగానికి 240 ఫ్రేముల వీడియో ఇక్కడ చాలదు, ఒక ఊపుకి రెండు ఫ్రేములు కూడా సరిగా రావు. తుమ్మెదకి శబ్దమే సాధనం. ఫోనుని గుత్తికి దగ్గరగా పెట్టి రికార్డు చేసి, ఫ్రీక్వెన్సీ చూపించే యాప్‌లో చూస్తే 130 హెర్ట్జ్ దగ్గర గట్టి గీత. చిమ్మటకి ఇదే పద్ధతి చూస్తే ఏమీ రాలేదు, 30 హెర్ట్జ్ శబ్దాన్ని ఫోను మైకు సరిగా పట్టదు. ఒకదానికి కన్ను, ఇంకోదానికి చెవి వాడాల్సిందే.

ఈ నాలుగింతల తేడాకి మూలం కండరంలో ఉంది. చిమ్మట ఎగిరే కండరం ఒక్కో బిగింపుకి నరం నుంచి ఒక్కో సంకేతం రావాలి. తుమ్మెద, తేనెటీగలది అలా కాదు. సాగదీస్తే తనంత తానే బిగిసే కండరం, సంకేతం అప్పుడప్పుడూ వస్తే చాలు. అందుకే చిన్న రెక్కలతో అంత బరువు మోయగలదు.

ఖర్చు: వల 220. మొత్తం 2,360 రూపాయలు. పనికొచ్చిన కొలతలు: 96.

దశ 6: అంకెలు పక్కపక్కన

గుంపుకి 30 పూలు, మొత్తం 120 కొలతలు పూర్తయ్యాయి. వరసలో మధ్యన వచ్చిన అంకె, మి.మీ.లలో:

- అ (ఎప్పుడూ సంచిలో): 11
- ఆ (రాత్రి మాత్రమే): 3
- ఇ (పగలు మాత్రమే): 4
- ఈ (సంచి లేదు): 1

ఆ, ఇ అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా, ఇద్దరూ సమానంగా తాగుతున్నారు అనుకుంటే పొరపాటు. విడివిడిగా చూస్తే ఇ గుంపు రెండు పోగులుగా ఉంది. చీలిక పడినవి 19 పూలు, వాటిలో 1 నుంచి 4 మి.మీ. మాత్రమే. చీలిక లేనివి 11, వాటిలో 10 దరిదాపుల్లో. అంటే చీల్చకపోతే పగలు వచ్చేవాటికి దాదాపు ఏమీ అందట్లేదు. చీలిస్తే దాదాపు ఖాళీ. రాత్రి మాత్రమే తెరిచిన ‘ఆ’ గుంపులో 22 పూలు తగ్గాయి, 8 నిండుగానే ఉన్నాయి. ఆ 8 ఎక్కువగా గోడవైపు గుత్తుల్లోవి, కెమెరాలో కూడా అటు చిమ్మట వెళ్లినట్టు లేదు. ఇలాంటి కొలతలకి సగటు తీయకండి, చుక్కలు గీసి చూడండి.

నేను ఎదురుచూడనిది సంచి కట్టని ‘ఈ’ గుంపులో దొరికింది. రాత్రి చిమ్మట తాగే వీలున్న ఈ సంచి లేని పూలలో మర్నాడు చీలిక పడినవి 12 మాత్రమే, ‘ఇ’ గుంపులో 19. చీల్చకుండా లోపల ఏముందో తుమ్మెదకి తెలిసినట్టు నాకు కనిపించలేదు. కానీ గుత్తిలో ఒకటి రెండు చీల్చి ఖాళీ అని తేలితే మిగతావి వదిలేసి పక్క గుత్తికి వెళ్లడం చాలాసార్లు చూశాను. రాత్రి షిఫ్టు బాగా పనిచేసిన గుత్తిలో పగటి చీలికలు తగ్గుతున్నాయని నా అంచనా. గుత్తులవారీగా లెక్కపెడితే తేలుతుంది. ఈసారి పూలవారీగానే లెక్కపెట్టాను.

వెనక్కి, అంటే తుమ్మెద నుంచి చిమ్మట మీదికి కూడా కొంత ప్రభావం ఉంది. రెండో సాయంత్రం గులాబీ రంగు పూల దగ్గరికి చిమ్మట వెళ్లడం తక్కువ. వెళ్లినప్పుడు చీలిక ఉన్న పువ్వు దగ్గర సెకను కూడా ఆగలేదు, తొండం దింపి వెంటనే లాగేసుకుంది. తెల్ల పూలలో విచ్చుకున్న రాత్రే తాగేస్తోంది కాబట్టి తుమ్మెద చీలికల వల్ల దానికి పెద్దగా పోయేది కనిపించలేదు. మా తీగకి కాయలు కాయవు, కొమ్మ నాటి పెంచినదే. అందుకని ఎవరి వల్ల పువ్వుకి మేలు అన్నది ఈ కొలతలతో తేల్చలేను. తుమ్మెదని దొంగ అనడం కూడా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఇదే తుమ్మెద రెండు వీధుల అవతల జిల్లేడు పూలకి అసలైన పరాగవాహకం.

దశ 7: మళ్లీ చేసేవాళ్లకి

1. వానాకాలం మొదట్లో, పూత ఎక్కువగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఒక కొలతకి ఒక పువ్వు పోతుంది.
2. వల మొదటిరోజు నుంచే కట్టండి.
3. ప్రతి గుత్తికి నంబరు ఇవ్వండి, దారం మీద గుత్తి నంబరు చీటీ కూడా ఉండాలి.
4. పురుగుమందు చల్లిన తోటలో ఈ పని జరగదు. పక్కవాళ్లు చల్లినా మూడు నాలుగు రోజులు రాకపోకలు పడిపోతాయి.
5. చిమ్మట కావాలంటే పూలు ఒక్కటే చాలవు. అది పూలలో తాగుతుంది, గుడ్లు పెట్టేది మాత్రం చిలగడదుంప లాంటి తీగల ఆకుల మీద. ఒక కుండీలో తీగ వేసి, పురుగు తిన్నా వదిలేయండి.
6. తుమ్మెద పిల్లల కోసం కూడా మోస్తుంది, పుప్పొడీ మకరందమూ కలిపి గూట్లో పెడుతుంది. దానికి ఎండిన కర్రో వెదురో కావాలి. ఒక కణుపు మూసి ఉన్న వెదురు ముక్కలు, లోపలి వ్యాసం 12–15 మి.మీ., చూరు కింద వాన పడని చోట అడ్డంగా కట్టండి.

మా చూరు కింద ఆరు వెదురు ముక్కలు కట్టాను. ఒకదాని కింద రంపపు పొట్టు లాంటి పొడి రాలి ఉంది. గుత్తుల నంబర్ల చీటీలు రాయడం అయింది. గోడవైపు గుత్తులకి ఎత్తు కూడా కొలిచి రాస్తున్నాను, చిమ్మట అటు ఎందుకు వెళ్లలేదో తరువాతి పూతలో చూడాలి.